నలభై, తొంభై, తొంభై

మన బ్యాచ్‌లో ఎవరినైనా అడగండి, అమీర్‌పేట అంటే మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్, జావా, పైథాన్ పోస్టర్లు, హాస్టల్ సాంబారు. మెయిన్ రోడ్డు వదిలి పంజాగుట్ట వైపు సందుల్లోకి దిగితే ఇంకో అమీర్‌పేట ఉంది. అక్కడ బానెట్లు ఎత్తి కార్లు నిలబడి ఉంటాయి. డెమో క్లాసు లేదు, సిలబస్ లేదు. ఒక ఉస్తాద్ ఉంటాడు, ఆయన చేతికింద ఒక పిల్లోడు ఉంటాడు, వాడికి ఇంచుమించు మన వయసే. టర్బో ఇంజిన్‌కి హెడ్ గ్యాస్కెట్ వేసేటప్పుడు ఆ పిల్లోడు పానాని ఎంత తిప్పాలో చెప్పే కాగితం ఒకటుంది. ఆ కాగితం తెలుగులో ఆ షెడ్డు గోడ మీద ఉండాలి. నేను చెప్పదల్చుకుంది ఇదే. ఇది లిటరరీ క్లబ్ పనేనా అంటే, అవును, అక్కడికే వస్తా.

గ్యాస్కెట్ గురించి ముందు రెండు ముక్కలు. ఇంజిన్ కింది భాగం బ్లాక్, పై భాగం హెడ్. రెండింటి మధ్య పల్చటి రేకులాగా ఉండేదే హెడ్ గ్యాస్కెట్. సిలిండర్లో మండే గ్యాసు, చుట్టూ తిరిగే కూలెంట్, పైకి వెళ్లే ఆయిల్, ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా చూసేది అదే. అది పోతే కూలెంట్ డబ్బాలో బుడగలు రావచ్చు, సైలెన్సర్లోంచి తెల్ల పొగ రావచ్చు, ఆయిల్ మూత లోపల పాల కాఫీ రంగు నురగ కనపడొచ్చు. చాలాసార్లు కారణం వేడి. మే నెల మధ్యాహ్నం, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ కారుకి ఎదురుగాలి ఉండదు కదా, రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఆ ఫ్యాన్ ఆగిపోయినా, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసీ పోసీ లోపల ఉప్పు పేరుకున్నా హెడ్ కాగిపోతుంది. హెడ్ అల్యూమినియం, చాలా డీజిల్ ఇంజిన్లలో బ్లాక్ పోత ఇనుము. ఒకే వేడికి ఇనుము సాగేదానికి దాదాపు రెట్టింపు సాగుతుంది అల్యూమినియం. మధ్యలో నలిగేది గ్యాస్కెట్.

ఇప్పుడు టర్బో సంగతి. మన సిటీ క్యాబుల్లో బోలెడన్ని తిరిగిన స్విఫ్ట్, డిజైర్ డీజిల్ ఇంజిన్ తీసుకోండి. ఫియట్ డిజైన్, 1248 సీసీ, మారుతి దానికి డీడీఐఎస్ అని పేరు పెట్టింది. 2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది గానీ, అమ్మేసినవి ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 38 చదరపు సెంటీమీటర్లు. టర్బో డీజిల్‌లో మంట పీక్‌లో ఉన్నప్పుడు ఒత్తిడి 150 బార్ అనుకుందాం. గుణించి చూడండి, ఒక్కో సిలిండర్ హెడ్‌ని పైకి తోసే బలం 5800 కిలోల బరువుతో సమానం. 2000 ఆర్పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ నిమిషానికి 1000 సార్లు ఇలా తంతుంది. దాన్ని పట్టి ఉంచేది పది బోల్ట్‌లు. టర్బో లేని పాత పెట్రోల్ ఇంజిన్‌లో ఈ ఒత్తిడి సగం కూడా ఉండదు.

అందుకే "ముప్పై ఏళ్ల చెయ్యి ఇది, ఎంత బిగించాలో దానికే తెలుసు" అన్న మాట నాకు సగమే ఒప్పు. ఆ చెయ్యి నేర్చుకున్నది అంబాసిడర్ల మీద, ప్రీమియర్ పద్మినిల మీద. ఆ రోజుల్లో గ్యాస్కెట్ మెత్తటిది, వేడెక్కాక కొంచెం కుదించుకునేది. కొన్ని రోజులు తిప్పి తీసుకురా, మళ్లీ ఓసారి బిగిద్దాం అనేవాళ్లు. అప్పటికి అదే కరెక్ట్. ఇప్పటి గ్యాస్కెట్ పొరలు పొరలుగా ఉండే స్టీలు. ఇప్పటి బోల్ట్‌లు చాలా ఇంజిన్లలో సాగే రకం. బిగించేటప్పుడే అవి కావాలని కొద్దిగా సాగేలా చేసి ఉంటాయి, ఆ సాగుడే స్ప్రింగులా హెడ్‌ని నొక్కి పెడుతుంది. ఒకసారి సాగిన బోల్ట్‌ని మళ్లీ వేస్తే అదే పట్టు వస్తుందన్న గ్యారంటీ లేదు. పది రోజుల తర్వాత మళ్లీ బిగిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

మాన్యువల్లో అంకెలు ఎలా ఉంటాయంటే: ముందు 40 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు. (ఇది నమూనా మాత్రమే. మీ ఇంజిన్ అంకె మీ మాన్యువల్లో చూసుకోండి, నా వ్యాసం చూసి ఎవరూ బోల్ట్ ముట్టుకోవద్దు.) 40 న్యూటన్ మీటర్లంటే అర మీటర్ పానా చివర ఎనిమిది కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత. ఇంతేనా అనిపిస్తుంది. అసలు మజా ఆ తర్వాతే. మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, బోల్ట్‌ని సాగదీసేది మిగతా 10 శాతమే. మర మీద కాస్త తుప్పున్నా, నూనె ఎక్కువైనా ఈ లెక్క మొత్తం తప్పుతుంది. చేతికి ఒకేలా బిగిసినట్టు అనిపించిన రెండు బోల్ట్‌ల్లో ఒకటి గట్టిగా నొక్కుతుంటుంది, ఇంకోటి నటిస్తుంటుంది. డిగ్రీల్లో ఆ మోసం చాలా తక్కువ. మర పిచ్ 1.5 మిల్లీమీటర్లు అయితే 90 డిగ్రీలకి బోల్ట్ దిగేది 0.375 మిల్లీమీటర్లు, రాపిడి ఎంతున్నా సరే. ఏ అనుభవమైనా దీన్ని చేత్తో కనిపెట్టలేదు, కనిపెట్టాల్సిన పనీ లేదు. యాంగిల్ గేజ్ లేకపోతే బోల్ట్ తల మీద పెయింట్ చుక్క పెట్టుకున్నా నడుస్తుంది.

వరస కూడా ముఖ్యం. నడిమి బోల్ట్‌లతో మొదలుపెట్టి బయటికి రావాలి. పది బోల్ట్‌లూ 40కి వచ్చాకే మొదటి 90, అందరిదీ అయ్యాకే రెండో 90. లూపులో లూపు రాసేవాళ్లకి ఇది ఈజీగా అర్థం కావాలి: బయటి లూపు దశలది, లోపలిది బోల్ట్‌లది. తిరగేస్తే హెడ్ ఒక పక్కకి కూర్చుంటుంది.

మా మామయ్యది అలాంటి డిజైరే. లోన్ మీద కొని క్యాబ్ నడుపుతాడు. పోయిన ఎండాకాలం గ్యాస్కెట్ పోతే ఒక షెడ్డులో వేయించాడు. పాత బోల్ట్‌లే, టార్క్ రెంచ్ లేదు, హెడ్ వంగిందా లేదా చూడలేదు. మూడు వారాలకి మళ్లీ కూలెంట్ తగ్గడం మొదలైంది. రెండు రిపేర్లకీ కలిపి బండి పద్దెనిమిది రోజులు నిలబడింది. ట్రిప్పులు లేవు, ఈఎంఐ మాత్రం తేదీకి కట్ అయింది. అత్తయ్య చిట్టీ పాడుకుంది. ఆ మొదటి షెడ్డుని తిట్టడం సులువు. కానీ బేరం ఆడి ఆడి కొత్త బోల్ట్‌ల ఖర్చు తీసేయించింది మామయ్యే. ఉస్తాద్ కూడా "ఎందుకు కావాలి" అన్నది చెప్పలేకపోయాడు. చెప్పి ఉంటే మామయ్య వినేవాడేమో.

రెండో షెడ్డులో నేను దగ్గరుండి చూశా. హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, ఫీలర్ గేజ్ దూర్చి చూసి ఫేసింగ్‌కి పంపారు. బ్లాక్ మీద పాత గ్యాస్కెట్ మరకల్ని గ్రైండర్‌తో రుద్దకుండా ఓపిగ్గా గీకి తీశారు, ఎందుకంటే ఆ పొడి ఆయిల్లో కలిస్తే నిమిషానికి లక్ష పైన తిరిగే టర్బో బేరింగ్ దాకా పోతుంది. బోల్ట్ రంధ్రాల్లో నీళ్లూ ఆయిలూ మిగలకుండా గాలి కొట్టారు. రాణీగంజ్ నుంచి కొత్త బోల్ట్‌లు వచ్చాయి. అంకెలు ఎక్కడున్నాయి? ఫోన్లో, ఎవరో పంపిన ఇంగ్లిష్ మాన్యువల్ స్క్రీన్‌షాట్‌లో. ఉస్తాద్ అది తీసి చేతికింది పిల్లోడికి ఇచ్చాడు. వాడు నా వైపు తిరిగి "అన్నా, 90 డిగ్రీలంటే అంత వేడెక్కాక బిగించాలనా?" అన్నాడు. ఆ స్క్రీన్‌షాట్‌లో ఉన్నది అంకె, పక్కన చిన్న సున్నా. దాన్ని అలా చదవడంలో వింతేం లేదు, షెడ్డులో డిగ్రీ అంటే వేడే. గోడ గడియారం చూపించి పన్నెండు నుంచి మూడు దాకా అన్నా. అంతే, పట్టేశాడు. ఆ తర్వాత వాడు తిప్పినంత నీట్‌గా నేనైతే తిప్పలేను.

యూట్యూబ్ ఉంది కదా అంటారు. ఉంది. తెలుగులోనూ మంచి వీడియోలు ఉన్నాయి. కానీ వీడియోలో ఒక ఇంజిన్ అంకె విని ఇంకో ఇంజిన్‌కి వేసేస్తారు. చేతులకి గ్రీజున్నప్పుడు వీడియో వెనక్కి జరపడం కూడా ఒక నరకం. గోడ మీద కాగితమైతే తలెత్తి చూస్తే చాలు.

ఇక క్లబ్ సంగతి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయం మీద. 1971లో చేనేత మీద వచ్చింది. రైతుల్నీ నేతగాళ్లనీ అడిగి వాళ్ల మాటలే రాసుకున్నారు. మెకానిక్ షెడ్డుకి కూడా ఆ మర్యాద దక్కాలి. అక్కడి తెలుగులో సగం ఉర్దూ, పావు ఇంగ్లిష్, అయితే ఏంటి? టార్క్‌ని బలభ్రామకం అని రాస్తే ఆ పిల్లోడు కాగితాన్ని మడిచి ఫీలర్ గేజ్ కింద పెట్టుకుంటాడు. టార్క్ అనే రాద్దాం. పానా, మర, ప్యాకింగ్, ఫేసింగ్, అన్నీ వాళ్లు అన్నట్టే.

ఈ సెమిస్టర్‌లో అయిదు డీజిల్ ఇంజిన్లు చాలు. ఒక్కో ఇంజిన్‌కి ఒక పేజీ: పై నుంచి చూసిన హెడ్ బొమ్మ, బోల్ట్‌ల మీద వరస నంబర్లు, అంకెలు, బోల్ట్ కొత్తదా పాతదా, నూనె రాయాలా వద్దా. డిగ్రీల పక్కన గడియారం బొమ్మ. మెకానికల్ వాళ్లు మాన్యువల్‌తో అంకెలు సరిచూడాలి, రెండు జతల కళ్లు తప్పనిసరి. డ్రాయింగ్ వచ్చినవాళ్లు ముందుకు రండి. లామినేషన్ ఖర్చు ఫెస్ట్ బ్యానర్ల బడ్జెట్లోంచి అడుగుదాం.