ముందు వాడకు నీళ్లివ్వండి

మొన్న మా బడిలో తల్లుల మీటింగు పెట్టారు. పట్నం నుంచి వచ్చినాయన గోడకు బొమ్మల కాగితం అంటించి అయిదు మాటలు చెప్పాడు. చేతులు, గిన్నెలు కడుక్కోండి. పచ్చి మాంసం వేరే పెట్టండి. బాగా ఉడికించండి. వండింది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. మంచినీళ్లే వాడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో చెప్పిన మాటలే ఇవి, తప్పేం లేదు. మేమూ పిల్లలకు ఇవే చెప్తాం. కానీ చివర్న మా వాడ ఆడవాళ్ల వైపు తిరిగి, "మీకు శుభ్రత అలవాటు కావాలమ్మా" అన్నాడు. అక్కడే మాకు కాలింది.

ఎవరికయ్యా అలవాటు లేనిది? 1985లో కారంచేడులో ఏం జరిగింది? మాదిగలు తాగే చెరువులో గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే మనవాళ్లు వద్దన్నారు. అన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. తెల్లారి, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తాగే నీళ్లు పాడుచెయ్యొద్దన్నందుకు నెత్తురు కార్చినవాళ్లకా శుభ్రత పాఠాలు!

మా చిన్నప్పుడు మా అమ్మలు కామందుల ఇళ్లల్లో చాకిరీ చేసి పొద్దుగూకాక తెచ్చిన కూర మధ్యాహ్నం వండి మిగిలింది. ఎన్ని గంటలు బయట ఉందని ఎవరడిగారు? ఇవాళా నాట్లకు పొయ్యే మనిషి నాలుగింటికి లేచి వండితేనే పని. అదే మధ్యాహ్నానికి, అదే రాత్రికి. ఫ్రిజ్జు లేదు. గ్యాసు బండ అయిపోతే మళ్లీ పుల్లలే. కుళాయి రోజు మార్చి రోజు. ఉన్న రెండు బిందెల్లో వంటకా, చేతులకా?

తెలివి లేక కాదు. మాంసాన్ని సన్నగా కోసి, ఉప్పూ పసుపూ రాసి, తాడు మీద ఎండేసిన తునకలు నెలల తరబడి నిలవుంటాయి. తడి లేనిచోట, ఉప్పున్నచోట క్రిమి పెరగదు. ఆ తాడు చూసి ముక్కు మూసుకున్నవాళ్లే ఇప్పుడు మనకు నేర్పొస్తున్నారు.

మనం మార్చుకోవాల్సిందీ ఉంది, దాచం. రాత్రి మిగిలిన అన్నం, కూర పొద్దున వేడి చేస్తే సరిపోతుందనుకుంటాం. కొన్ని క్రిములు వదిలిన విషం వేడికి పోదు. వాసన రాకపోయినా పిల్లలకు పెట్టొద్దు. పారేసే స్తోమత ఎక్కడిదంటారా, అందుకే పూటకు సరిపడా కొలిచి వండుకుందాం.

వచ్చే గ్రామసభకు ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో రండి. ఆ బొమ్మల కాగితం మేం తెస్తాం. అయిదో మాట మీద వేలు పెట్టి సర్పంచిని పైకి చదవమందాం.