గేట్లు ఎత్తారని నారు పోయకండి, సాగర్ మట్టం చూడండి

శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చూడగానే సాగర్ ఆయకట్టులో నారుమళ్ల హడావుడి మొదలవుతుంది. వరద వచ్చినందుకు సంతోషించండి గానీ, విత్తనం బస్తా విప్పే ముందు ఒక్క నిమిషం ఆగండి. అక్కడ గేట్లు ఎత్తినంత మాత్రాన మీ తూముకు నాలుగు నెలలపాటు నీరు వస్తుందని కాదు. తేడా వస్తే ముందుగా ఎండేది కాల్వ చివరి పొలమే.

నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 312 మాత్రమే పడుతోంది. కుడి, ఎడమ కాల్వలకు సాగునీరు ఇవ్వాలంటే మట్టం 510 అడుగులకు పైన ఉండాలి. ఆ 510 దగ్గరే డ్యాంలో దాదాపు 131 టీఎంసీలు ఉంటాయి. కాబట్టి 'సాగర్‌లో 160 టీఎంసీల నిల్వ' అని పేపర్లో చదివితే, అందులో కాల్వకెక్కేది 30కి లోపే అని అర్థం చేసుకోండి. హైదరాబాద్ తాగునీరు, పల్లెల మంచినీటి చెరువులు, ఎండకు ఆవిరయ్యేది కూడా ఆ డ్యాంలోంచే పోవాలి. ఒక టీఎంసీతో వరి సుమారు 6 వేల ఎకరాలు పండుతుందని లెక్క. 30 టీఎంసీలూ సాగుకే ఇచ్చారనుకున్నా 1.8 లక్షల ఎకరాలు. సాగర్ ఆయకట్టు 22 లక్షల ఎకరాలకు దగ్గరగా ఉంది.

పైనున్న శ్రీశైలం సంగతి ఇంకో రకం. అక్కడ పూర్తి మట్టం 885 అడుగులు, నిల్వ 215 టీఎంసీలు. పోతిరెడ్డిపాడు నుంచి సీమకు నీరు సరిగా వెళ్లాలంటే మట్టం 854 అడుగులకు తగ్గకూడదని ఆంధ్రప్రదేశ్ అంటుంది. అది మొదట కరెంటు కోసం కట్టిన ప్రాజెక్టు, ఇంకా కిందికి వాడుకోవచ్చని తెలంగాణ వాదన. ఏ నెలలో ఎంత మట్టం ఉంచాలి, ఎవరికి ఎంత వదలాలి అని గీసే పట్టికను ఇంజినీర్లు 'రూల్ కర్వ్' అంటారు. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడింది 2014లో. ఇన్నేళ్లయినా ఈ పట్టికపై రెండు రాష్ట్రాలకూ పొత్తు కుదరలేదు. ఎవరి వాదన న్యాయమో తేల్చడం ఇక్కడ మన పని కాదు. అయితే పట్టిక మీద ఒప్పందం లేని చోట ప్రతి సీజన్‌లో నీటి విడుదల తేదీ చర్చల మీద ఆధారపడుతుంది, చర్చలు ఆలస్యమైతే మీ నారు ముదురుతుంది.

వరద రాగానే డ్యాం నిండా నింపి పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 2009ని గుర్తు చేసుకోండి. ఆ ఏడాది మొదట వానలు లేక కరువు. వచ్చిన నీటిని వచ్చినట్టే దాచారు. సెప్టెంబరు చివరికి శ్రీశైలం దాదాపు నిండి ఉంది. అక్టోబరు మొదట్లో సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి పడింది. డ్యాం తట్టుకునేలా కట్టింది 19 లక్షలకే. నీరు 885 దాటి 896 అడుగుల దాకా ఎక్కింది, కర్నూలు మునిగింది. అందుకే వరద నెలల్లో కొంత జాగా ఖాళీగా ఉంచి, సీజన్ చివర్లో నింపడం మంచి పద్ధతి. ఆగస్టులో కిందికి నీరు వదులుతుంటే 'సముద్రం పాలు చేస్తున్నారు' అని తిట్టేముందు ఇది కూడా ఆలోచించాలి. అయితే ఎంత ఖాళీ ఉంచాలో పై నుంచి వచ్చే వరద అంచనా మీద ఆధారపడుతుంది. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల విడుదలలు, వాన సూచనలు కలిపి కంప్యూటర్‌లో లెక్క కట్టి ముందుగా చెబుతారు. ఆ అంచనా తప్పితే వరదైనా మిగులుతుంది, కొరతైనా మిగులుతుంది.

మీకు అన్నిటికంటే పనికొచ్చే లెక్క ఇంకొకటి ఉంది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీటిని పంచింది 75 శాతం నమ్మకం మీద. అంటే నూరేళ్లలో 75 ఏళ్లు ఆ మాత్రం నీరు వస్తుంది, మిగతా 25 ఏళ్లు రాదు. నాలుగేళ్లకొకసారి కొరత ఉంటుందని మొదటి నుంచీ కాగితం మీదే ఉంది. 2023 అలాంటి ఏడాదే. శ్రీశైలం, సాగర్ నిండలేదు, ఆ యాసంగిలో తాగునీటికే పెద్దపీట వేశారు. మరుసటి ఆగస్టులో రెండు డ్యాముల గేట్లూ ఎత్తారు. రెండు ఏళ్లకూ ఒకే పంట ప్రణాళిక పెట్టుకుంటే కుదరదు.

అందుకని జూలై చివరి నుంచి రెండు అంకెలు రోజూ రాసుకోండి. ఒకటి సాగర్ మట్టం, రెండోది సాగర్‌కు వస్తున్న ఇన్‌ఫ్లో. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కులు వస్తుంటే రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీలకు పైనే చేరతాయి, కిందికి వదిలేది అందులోంచి తీసేయండి. ఆగస్టు మధ్య దాటినా మట్టం 510కి కాస్త పైనే ఊగుతుంటే 150 రోజుల బీపీటీ 5204 జోలికి పోవద్దు. నవంబరు చివరి తడి దొరక్కపోతే గింజ తాలుపోతుంది. ఎంటీయూ 1010 లాంటి 120 రోజుల రకమైతే నెల రోజుల నీరు మిగులుతుంది. చివరి భూముల వారు ఆ పరిస్థితిలో వరికి బదులు మినుము, మొక్కజొన్న లాంటి ఆరుతడి పంట చూసుకోవడం మేలు. బోరు ఉన్నవారికి కొంత ధైర్యం ఉంటుంది, కానీ కాల్వ పారని ఏడాది బోరు కూడా తగ్గుతుందని మరవద్దు.

నీటిపారుదల సలహా సమావేశం అయ్యాక, మీ సెక్షన్ ఏఈని గానీ లష్కర్‌ను గానీ 'నీరు ఎప్పుడు వదులుతారు' అని మాత్రమే అడగకండి. ఎన్ని తడులు ఇస్తారు, రెండు తడుల మధ్య ఎన్ని రోజులు ఆపుతారు, చివరి తడి ఏ తేదీ అని అడగండి. ఆ చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, మీ రకానికి రోజులు సరిపోతేనే నారు పోయండి.