ఎవరి సొమ్ముతో ఈ దానం?

అమెరికాలోని అట్లాంటా నగర మండలి 2023 జూన్ 6, మంగళవారం తెల్లవారుజామున 11–4 ఓట్లతో పోలీసు శిక్షణ కేంద్రానికి ప్రజాధనం మంజూరు చేసింది. సోమవారం మొదలైన సమావేశం అది. మాట్లాడతామంటూ పేరు ఇచ్చుకున్నవారే 350 మందికి పైగా ఉన్నారు. గంటల తరబడి వరుసలో నిలబడి, వంతు వచ్చినప్పుడు మైకు ముందు ఇచ్చిన కొద్ది నిమిషాల్లో చెప్పవలసింది చెప్పి దిగిపోయారు. దాదాపు పద్నాలుగు గంటల పాటు సభ్యుల చెవిన పడిందంతా దాదాపు ఒకటే మాట, వద్దని. ఊరు లేవకముందే ఓటింగ్ కానిచ్చేశారు.

ఈ కేంద్రం కోసం చెట్ల నరికివేత, 2023 జనవరిలో అక్కడ జరిగిన కాల్పులు, నిరసనకారుల వరుస అరెస్టులు పాఠకులు ఎరిగినవే. వాటిని మళ్లీ ఏకరువు పెట్టబోవడం లేదు. ఈ వ్యవహారం మొత్తంలో అన్నింటికన్నా నిజాయతీ లేని మాట ఒకటుంది. దాతృత్వం ముసుగు వేసుకుని తిరిగింది కనుక ఎవరూ గట్టిగా నిలదీయలేదు. కేంద్రానికయ్యే 9 కోట్ల డాలర్లలో 6 కోట్లు అట్లాంటా పోలీస్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ సమకూరుస్తుంది, నగర ఖజానాపై పడేది 3 కోట్ల పైచిలుకే అన్నదే ఆ మాట. 2021 సెప్టెంబర్‌లో నగరానికి చెందిన 85 ఎకరాలను ఏడాదికి 10 డాలర్ల లీజుకు ఆ సంస్థ చేతిలో పెట్టినప్పుడు చెప్పింది ఇదే. ఓటింగ్ దాకా పదేపదే వల్లించిందీ ఇదే. పెద్దమనుషులు జేబులోంచి తీసి ఇస్తుంటే మీకొచ్చిన కష్టమేమిటని వ్యతిరేకించినవారి నోరు మూయించడానికి అక్కరకొచ్చిందీ ఇదే.

ఆ రోజు మండలి ఆమోదించిన కాగితాలు చూడండి. నిర్మాణానికి నగరం నేరుగా ఇచ్చేది 3.1 కోట్ల డాలర్లు. అక్కడితో అయిపోలేదు. భవనం లేచాక దాన్ని వాడుకుంటున్నందుకు నగరపాలిక ఏటా 12 లక్షల డాలర్లు ఫౌండేషన్‌కు చెల్లించాలి. ముప్పై ఏళ్ల పాటు చెల్లించాలి. అంటే మరో 3.6 కోట్లు. రెండూ కలిపితే 6.7 కోట్లు. మూడో వంతని చెప్పిన వాటా ముప్పావు వంతు దగ్గర తేలింది. భూమి నగరానిది. దాన్ని ఏడాదికి 10 డాలర్లకు ధారపోసింది నగరం. ఆ భూమి మీద, మూడో వంతుకు పైగా తన నగదుతోనే లేచే కట్టడంలో తన పోలీసులకు తానే తర్ఫీదు ఇప్పించుకోవడానికి ఏటేటా 12 లక్షలు కట్టేదీ నగరమే. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాం. ఈ అల్లుడు శిలాఫలకం మీద తన పేరు చెక్కించుకుని, ఆపైన అత్త దగ్గర అద్దె కూడా గుంజుతున్నాడు.

ఈ అద్దె దేనికంటే, నిర్మాణం కోసం ఫౌండేషన్ తెచ్చే 2 కోట్ల డాలర్ల రుణం తీర్చడానికట. రుణం ఎవరి పద్దులో చూపారు? దాతలు సమకూర్చే వాటాలో. తీర్చేది ఎవరు? పన్ను కట్టే జనం. అప్పు తెచ్చినవాడి పేరు దాతల జాబితాలో ఉంటుంది, వాయిదాలు కట్టేవాడి పేరు ఎక్కడా ఉండదు. ముప్పై ఏళ్ల అద్దెను, ఇవాళ్టి నిర్మాణ వ్యయాన్ని ఒకే గాటన కట్టడం సరికాదని, అందులో వడ్డీ కలిసి ఉంటుందని లెక్కలు తెలిసినవారు అనవచ్చు. నిజమే, వడ్డీ ఉంటుంది. ఆ వడ్డీ కూడా జనం నెత్తినే పడుతుంది కనుకనే దీన్ని విరాళమనడానికి నోరు రావడం లేదు.

అధికారుల సమర్థన వింటే మరీ విస్మయం కలుగుతుంది. ఇందులో కొత్తదేమీ లేదు, ఈ ఏర్పాటు 2021 నాటి ఆర్డినెన్సులోనే ఉందని అప్పుడు సెలవిచ్చారు. ఉంటే ఉండవచ్చు. అది వారిని గట్టెక్కించే సాకు కాదు, మరింత గట్టిగా పట్టించే సాక్ష్యం. తెలియక చెప్పారంటే పొరపాటని సరిపెట్టుకునేవాళ్లం. కాగితంలో ఉన్నదని తెలిసి, రెండేళ్ల పాటు ప్రతి ప్రకటనలోనూ ఆ 3.6 కోట్లను మింగేసి, విలేకరులు తవ్వి తీశాక మేం ముందే రాశాం కదా అనడాన్ని ఏమంటారు? పౌరులు వినేది మేయరు చెప్పిన మాటను. ఆర్డినెన్సులో అనుబంధాలు తిరగేసి ముప్పై ఏళ్ల గుణకారం చేసుకోవలసిన బాధ్యత వారిది కాదు.

రెండో సమర్థన ఇంకొంచెం తెలివైనది. శిక్షణ కోసం వేరే చోట్ల అద్దెలకు ఇప్పటికే ఏటా 14 లక్షల డాలర్లు పోతున్నాయి, దాని బదులు 12 లక్షలు పోతే ఖజానాకు లాభమే కదా అన్నారు. చౌకే కావచ్చు. కానీ అడిగిన ప్రశ్న చౌకా, ప్రియమా అని కాదు. ఆ 14 లక్షలను ఎవరూ ఎన్నడూ విరాళమని చెప్పుకోలేదు. ప్రజల సొమ్మని ఒప్పుకునే ఖర్చు పెట్టారు. ఆ ముక్కే ఈ 12 లక్షల గురించి 2021లో చెప్పి ఉంటే, ఇంత సొమ్ము పోసేటప్పుడు మనమే కట్టుకుని మనమే ఎందుకు అట్టిపెట్టుకోకూడదని మండలిలో ఎవరైనా అడిగేవారు. అది అడగనివ్వకుండా చేసిందే ఈ దాతల కథ. లెక్క తప్పడం కన్నా పెద్ద నష్టం ఇది. ఉచితంగా వస్తున్నదన్న మాట వినగానే, ఇంత పెద్దది కావాలా, ఇక్కడే కావాలా, ఎవరి అజమాయిషీలో ఉండాలి అన్న ప్రశ్నలన్నీ మర్యాద తప్పిన ప్రశ్నలైపోతాయి.

నికరంగా విరాళమనదగిన మిగతా సొమ్ములోనూ కొంత జనానిదే. ఇలాంటి సంస్థలకు అమెరికా కంపెనీలు ఇచ్చే సొమ్ముకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటుంది. కార్పొరేట్ పన్ను 21 శాతం. డాలరు ఇచ్చినట్టు కనిపించే కంపెనీకి 21 సెంట్ల దాకా పన్నులో కలిసొస్తుంది.

ఇంత చేశాక అజమాయిషీ ఎవరి చేతిలో ఉంటుందంటే, నగరం చేతిలో మాత్రం కాదు. డెల్టా ఎయిర్‌లైన్స్, హోమ్ డిపో, వెల్స్ ఫార్గో వంటి కంపెనీల పెద్దలు కూర్చుంటూ వచ్చిన పాలకవర్గం ఆ ఫౌండేషన్‌ది. అందులో మాకూ రెండు కుర్చీలు వేయండని అభ్యర్థిస్తూ అదే సమావేశంలో మండలి మరో తీర్మానం చేసింది. భూమి ఇచ్చి, నగదు ఇచ్చి, ముప్పై ఏళ్ల అద్దెకు పూచీ పడి, చివరకు లోపలికి రానివ్వమని బతిమాలుకున్నది ప్రజలు ఎన్నుకున్న సభ! నిధుల సేకరణకు నాయకత్వం వహించినది కాక్స్ ఎంటర్‌ప్రైజెస్ అధినేత. అట్లాంటా జర్నల్-కాన్‌స్టిట్యూషన్ పత్రిక ఆ సంస్థదే. ఆ పత్రిక విలేకరులు మంచి వార్తలే రాశారు, కాదనం. కానీ ఊళ్లోని పెద్ద పత్రిక యజమాని పోలీసులకు చందాలు పోగుచేసే ఊళ్లో, పోలీసుల మీద వార్త రాసే ప్రతిసారీ పాఠకుడికి ఆ సంగతి గుర్తు చేయక తప్పని స్థితి సాటి పత్రికగా మాకు ముచ్చటగా ఏమీ లేదు.

విరాళాల విషయంలో అక్కడి చట్టం ఎంత పక్షపాతంగా నడుస్తున్నదో ఓటింగ్‌కు వారం ముందే తేలింది. నిరసనకారుల బెయిలుకు, న్యాయ సహాయానికి చందాలు పోగుచేసే ఒక నిధి నిర్వాహకులు ముగ్గురిని మే 31న కవచ వాహనంతో ఇంటి మీదికి వెళ్లి అరెస్టు చేశారు. మనీలాండరింగ్, దాతృత్వ మోసం అని కేసు పెట్టారు. వారెంట్లలో చూపిన ఖర్చులేమిటో చూడండి: పెట్రోలు, అడవిలో చెత్త ఏరివేత, కోవిడ్ పరీక్ష కిట్లు, ఇంటి ముందు పాతుకునే బోర్డులు. కోవిడ్ కిట్టు కొన్నవారు దాతలను మోసగించినట్టు. 3.6 కోట్ల డాలర్ల భారాన్ని విరాళాల చాటున దాచినవారు నగర శ్రేయోభిలాషులు!

పాత శిక్షణ భవనాలు పాడుబడ్డాయి, పోలీసులకు తర్ఫీదు కావాలి, ఫౌండేషన్ నడిపే యువజన కేంద్రాలు కొందరు పిల్లలకైనా మేలు చేస్తున్నాయి. ఈ మూడింటినీ ఒప్పుకుంటున్నాం.

అయినా అంటున్నాం, పోలీసు శాఖకు దాతలు ఉండడంలోనే ప్రమాదం ఉంది. 2020 జూన్‌లో అట్లాంటాలో ఒక నల్లజాతి యువకుడిని కాల్చి చంపిన కేసులో ఇద్దరు పోలీసులపై అభియోగాలు ప్రకటించగానే, కొందరు సిబ్బంది విధులకు మొహం చాటేశారు. ఆ వెంటనే ఈ ఫౌండేషన్ ఒక్కో పోలీసు చేతిలో 500 డాలర్ల బోనస్ పెట్టింది. ఆ వారంలో పోలీసులకు ఏ సంకేతం వెళ్లాలన్నది నగరం తేల్చుకోవలసిన విషయం. తేల్చింది దాతలు. బాల్టిమోర్‌లో 2016లో విమానంలోంచి ఊరంతటినీ గంటల తరబడి కెమెరాలతో చిత్రీకరించారు. సొమ్ము టెక్సాస్ దాతలది కనుక నగర మండలి ముందుకు రాలేదు, వార్త బయటపడేదాకా ఊరికి తెలియలేదు. ఆ తరహా నిఘా రాజ్యాంగ విరుద్ధమని 2021లో అప్పీలు కోర్టు తేల్చింది. బడ్జెట్‌లోంచి అడిగి ఉంటే సభలో ఎవరో ఒకరు ముందే అభ్యంతరం చెప్పేవారు.

ఆల్ఫారెటాలో, జాన్స్ క్రీక్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లలో కొందరు ఫౌండేషన్ వెనకున్న ఈ కంపెనీల్లోనే పనిచేస్తారు, కానీ ఆ ఊళ్లు అట్లాంటా నగర పరిధి బయటివి కనుక మండలి ఎన్నికల్లో వారికి ఓటు లేదు. శిక్షణ కేంద్రానికి ఎంచుకున్న చోటు చుట్టుపక్కల ఉన్నవారికీ అంతే. ఆ స్థలం నగరం ఆస్తే గాని, ఉన్నది నగర సరిహద్దు అవతల, డీకాల్బ్ కౌంటీలో.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అని పక్కకు నెట్టేయడానికి మనకూ వీల్లేదు. ఏ కూడలిలోనైనా ఆగి ట్రాఫిక్ బారికేడు వంక చూడండి. పోలీసు అన్న అక్షరాల కింద ఓ కార్పొరేట్ ఆస్పత్రి పేరో, నగల దుకాణం పేరో ఉంటుంది. రేపు ఆ ఆస్పత్రి మీద రోగి బంధువులు ఫిర్యాదు పట్టుకుని స్టేషన్‌కు వెళ్తే, గేటు దగ్గరే ఆ పేరు కనిపిస్తుంది. 2006లో ఐటీ కంపెనీలు, పోలీసులు కలిసి ఏర్పాటు చేసుకున్న సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్‌కు పోలీసు కమిషనరే అధ్యక్షుడు. మహిళా ఉద్యోగుల కోసం షీ షటిల్ బస్సులు నడిపింది, కోవిడ్ కాలంలో ఆదుకుంది. మంచి పనులే. నేను సైతం పేరుతో కాలనీలు, అపార్టుమెంట్లు, దుకాణాల చందాలతో పోలీసులు పెట్టించిన సీసీ కెమెరాలు ఎన్నో కేసుల్లో అక్కరకొచ్చాయి. కానీ ఎస్సై యూనిఫాంలో కాలనీ సంఘం సమావేశానికి వచ్చి, మీ వంతుగా ఎన్ని కెమెరాలు ఇస్తారని అడిగినప్పుడు, ఇవ్వలేమని చెప్పగల కిరాణా కొట్టు యజమాని ఎవరు? దాన్ని స్వచ్ఛంద విరాళమని ఏ లెక్కన రాసుకుంటారు? వందమంది గుమిగూడే చోట్ల యజమానులే కెమెరాలు పెట్టాలని 2013లో చట్టం చేసిన ఉమ్మడి రాష్ట్రం మనది. చట్టం చెప్పినదాన్ని చట్టంగా అమలు చేయండి, అంతకు మించినది కావాలంటే బడ్జెట్‌లో అడగండి.

తెలంగాణ వచ్చాక హైదరాబాద్ నగరంలోని ఒక్కో స్టేషన్‌కు నిర్వహణ ఖర్చులకని నెలకు 75 వేల రూపాయలు ఇచ్చే పద్ధతి పెట్టారు. కారణం అందరికీ తెలిసిందే. పెట్రోలుకు, కాగితాలకు స్టేషన్ ఊరి మీద పడితే, ఆ ఊరిలో ఎవరికి న్యాయం దక్కుతుందో ముందే తేలిపోతుంది. ఒక్కో దుకాణం దగ్గర తీసుకుంటే మామూలు, సొసైటీగా రిజిస్టరై కంపెనీల దగ్గర తీసుకుంటే సామాజిక బాధ్యత అనడం కుదరదు. రసీదు ఉన్నంత మాత్రాన ఇచ్చినవాడి పట్ల పుట్టే మొహమాటం పోదు.

అట్లాంటాలో ఈ నిర్ణయాన్ని ప్రజల ఓటుకు పెట్టాలని 2023లో సంతకాల సేకరణకు పౌరులు నడుం కట్టారు. నగరపాలిక అడ్డంకులు వెతక్కుండా ఓటింగ్ జరగనివ్వాల్సింది. ఇప్పుడైనా ఫౌండేషన్ దాతల పేర్లు, రుణ ఒప్పందం, నిర్మాణ కాంట్రాక్టులు మొత్తం బయట పెట్టాలి. మన రెండు రాష్ట్రాల డీజీపీలు దాని కోసం ఎదురు చూడనక్కర్లేదు. ప్రతి కమిషనరేట్, ప్రతి జిల్లా ఎస్పీ కార్యాలయం ఏ కంపెనీ నుంచి, ఏ ట్రస్టు నుంచి, ఏ వ్యక్తి నుంచి ఎంత తీసుకున్నదీ, వాహనమైతే వాహనం, కెమెరాలైతే కెమెరాలు, బారికేడ్లయితే బారికేడ్లు, తేదీతో సహా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ దాత మీద అదే పరిధిలోని స్టేషన్లలో కేసులు పెండింగులో ఉంటే ఆ వివరం పక్కనే ఉండాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. అడగకుండానే వెల్లడించమనే సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ 2005 నుంచి అమల్లోనే ఉంది. ఒక్క సర్క్యులర్ చాలు.