మడి ఎవరిదైనా తోట అందరిదీ

అనకాపల్లి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు ప్రకటించవద్దన్నారు. ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ముందు చెబుతాను.

వాళ్ల వీధి చివర ఇరవై సెంట్ల ఖాళీ స్థలం వుంది. తుప్పలు పెరిగి, చెత్త పోసే చోటుగా మారిన ఆ జాగాని పన్నెండు కుటుంబాలవాళ్లు యజమానిని అడిగి తీసుకున్నారు. శుభ్రం చేసి, ఒక్కో కుటుంబానికి అరవై గజాల చొప్పున మడులు పంచుకున్నారు. మొదటి ఏడు బాగానే గడిచింది. తోటకూర, గోంగూర, బచ్చలి, ఆనపకాయలు కొనే పని తప్పింది. ఆకుకూర అంటే మూతి తిప్పుకునే పిల్లలు తాము నీళ్లు పోసిన కూర కాబట్టి తింటున్నారు.

రెండో ఏడు వానలకి వీధిలో ఇద్దరు పిల్లలకి డెంగీ జ్వరం వచ్చింది. ఒక పిల్లవాడిని ఆస్పత్రిలో అయిదు రోజులు వుంచారు. "మీ తోటలో నీళ్ల డ్రమ్ముల వల్లే ఇదంతా" అని వీధివాళ్లు నిందించారు. అదే నెలలో ఒకాయన తన వంకాయ మడికి పురుగుమందు కొడితే, పక్క మడిలో కొత్తిమీర కోస్తున్న ముసలావిడ కళ్లు మండి అల్లాడిపోయింది. ఆ తర్వాత జరిగిన సమావేశంలో ఎవరి మాట ఎవరూ వినలేదు. "తోట మూసేద్దామంటున్నారు డాక్టరుగారూ, ఆరోగ్యం కోసం మొదలుపెట్టినది అనారోగ్యం తెస్తోందా?" అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, తోట మూయవద్దు. అయితే ఒక మాట. మీరు పన్నెండు మడులు వేశారు కానీ సంఘం మాత్రం పెట్టలేదు. ఎవరి మడి వారిది అనుకున్నారు. దోమకి, మందు తుంపరకి, నీళ్లకి గట్టు హద్దు తెలియదు కదా. అలాంటి చోట ఒకరి అలవాటు పన్నెండు ఇళ్ల ఆరోగ్యం మీద పడుతుంది.

ఈ తోట అవసరమా?

అనకాపల్లికి తోటపని ఒకరు నేర్పాలా? బెల్లం మార్కెట్‌కి దేశమంతా పేరు. చెరకు మీద పరిశోధన చేసే కేంద్రం 1913 నుంచీ అక్కడే వుంది. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన పట్నంలో అందరికీ పెరడు దొరకదు. మన అమ్మమ్మల ఇళ్లలో పెరట్లో మునగచెట్టు, కరివేపాకు, గోడమీద బీరపాదు వుండేవి. ఇప్పుడు మూడో అంతస్తులో వుండే కోడలికి కరివేపాకు రెబ్బ కూడా కొనుక్కోవలసిందే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లు రోజుకి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు తినాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రోజుకి కిలో ఆరువందల గ్రాముల కూరలన్నమాట. మీ ఇంటి సంచీని ఒకసారి తూచి చూడండి. చాలా ఇళ్లలో అందులో సగం కూడా వుండదు. అన్నం గుట్టగా, కూర నంజుకోడానికి మాత్రమే పెట్టుకునే అలవాటు మనది. రక్తం తక్కువగా వున్న ఆడవాళ్లు మన రాష్ట్రంలో సగానికి పైగా వున్నారంటే ఆశ్చర్యమేముంది?

అరవై గజాల మడి ఇంటికి కావలసిన కూరలన్నీ ఇవ్వలేదు. ఆకుకూరల లోటు మాత్రం తీరుస్తుంది. తోటకూర నెల తిరక్కుండానే కోతకి వస్తుంది. అంతా ఒకేరోజు చల్లకుండా, మడిని నాలుగు భాగాలు చేసి పది రోజులకొక భాగంలో విత్తితే ఎప్పుడూ ఏదో ఒక కూర కోతకి వుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయంలో రైతుల చేత ఇరవై సెంట్లలో ఇలాగే విడతలవారీగా కూరగాయలు వేయిస్తున్నారు. మీ స్థలం కూడా సరిగ్గా ఇరవై సెంట్లే!

ఆకుకూరలో కాస్త నూనె వేసి వండితే విటమిన్ ఏ వంటికి పడుతుంది. అన్నంలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ ఇనుము వృథా అవుతుంది. గంటసేపు ఆగండి.

ఇక తోటపనే మంచి వ్యాయామం. తవ్వడం, నీళ్లు మోయడం, కలుపు తీయడం రోజుకి అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు చేస్తే, పెద్దలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 150 నిమిషాల శ్రమ పూర్తవుతుంది.

ఇది కొత్త సంగతి కాదు

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో 1864లో ఒక బడి పెద్ద ఒక సంఘం పెట్టి, దానికి ష్రేబర్ అనే వైద్యుడి పేరు పెట్టారు. పట్నపు పిల్లలకి ఆటస్థలం కావాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆ ఆటస్థలం అంచున పిల్లలకని చిన్న మడులు వేశారు. పిల్లలకి నాలుగు రోజుల్లో మోజు తీరింది. తల్లిదండ్రులు పారలు పట్టారు. ఆ కుటుంబ తోటలు దేశమంతా వ్యాపించి నేటికీ ఆ వైద్యుడి పేరుతోనే పిలవబడుతున్నాయి. ఇంగ్లండులో 1908లో చట్టమే వచ్చింది. అక్కడ ఒక మడి అంటే సుమారు మూడువందల గజాలు.

అంత దూరం ఎందుకు? జహీరాబాదు ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలని చూడండి. బీడు భూములని సాగులోకి తెచ్చి, విత్తనం తామే దాచుకున్నారు. పండిన ధాన్యంతో నిధి పెట్టి, అది ఏ ఇంటికి ఎక్కువ అవసరమో ఊరివాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. ఆ సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లకి పొలం ఎంత ముఖ్యమో కలిసి కూర్చుని తేల్చుకోవడం కూడా అంతే ముఖ్యం.

డెంగీ మాట

ఆ పిల్లలకి జ్వరం మీ తోట దోమల వల్లే వచ్చిందా? ఉత్తరం చూసి నేను చెప్పలేను. డెంగీని మోసే దోమ మురుగులో కాదు, నిలవున్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. కూలరు, పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, కొబ్బరిచిప్ప, మేడమీద మూతలేని ట్యాంకు, ఏదైనా కావచ్చు. మూతలేని మీ డ్రమ్ము కూడా కావచ్చు. ఈ దోమ పగటిపూట కుడుతుంది. పుట్టిన చోటికి కొద్ది వందల గజాల లోపే తిరుగుతుంది.

గుడ్డు దోమ కావడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి, శుక్రవారం పెట్టుకోండి, డ్రమ్ములు, తొట్లు అన్నీ ఖాళీ చెయ్యాలి. ఊరికే వంపితే చాలదు. గుడ్లు గోడకి అంటుకుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. కొబ్బరిపీచుతో గోడలు గట్టిగా తోమి ఎండబెట్టాలి. తర్వాత నీళ్లు పట్టి గుడ్డ కట్టాలి.

జ్వరం వస్తే వయసుకి తగిన మోతాదులో పారాసిటమాల్ తప్ప మరేదీ సొంతంగా వాడకండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావం పెంచుతాయి. జ్వరం తగ్గుతున్నప్పుడే జాగ్రత్తగా వుండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడివుండటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రోగిని పగలు కూడా దోమతెరలో వుంచితే ఇంకొకరికి పాకదు.

మందు కొట్టిన ఆయన

ఆయన చెడ్డవారు కాదు. పుచ్చు వంకాయలు చూసి విసిగిపోయి వుంటారు. కానీ అరవై గజాల మడిలో కొట్టిన మందు గాలికి పక్క మడికి వెళ్లకుండా ఎలా వుంటుంది? పైగా ఏ మందుకైనా కొట్టిన తర్వాత ఇన్ని రోజుల దాకా కోయకూడదని గడువు వుంటుంది. రోజూ కోసుకునే ఆకుకూరల మధ్య ఆ గడువు పాటించడం జరిగే పని కాదు. అందుచేత మీ తోటలో రసాయన మందు వద్దని అందరూ కలిసి తీర్మానం చేసుకోండి.

దానికి బదులేముంది? వంగలో వాడి వంగిన కొమ్మల చివళ్లని పురుగుతో సహా తుంచి, తోటకి దూరంగా నాశనం చెయ్యండి. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. గట్లమీద బంతి వెయ్యండి.

పాత మందు డబ్బాలు ఇంట్లో వుంటే తాళంలో పెట్టండి. కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పోయవద్దు. పిల్లలు పానీయమనుకుని తాగిన సంఘటనలు వైద్యులందరికీ తెలుసు. లేబిలు మీద ఎర్ర త్రికోణం వుంటే అది అన్నిటికన్నా విషపూరితం. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించవద్దు. డబ్బాతో సహా ఆస్పత్రికి పరుగెత్తండి. వంటిమీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగండి. కంట్లో పడితే పావుగంటసేపు మంచినీటితో కడిగి డాక్టరుకి చూపండి.

చేతులు, కాళ్లు

చెప్పులు లేకుండా మడిలో దిగవద్దు. కొంకిపురుగు పాదం చర్మంలోంచి వంట్లోకి పోయి రక్తం పీలుస్తుంది. రక్తం కోసం ఆకుకూర పెంచుతూ ఆ రక్తాన్నే పురుగుకి పెట్టడం ఎందుకు? పార తగిలి గాయమైతే సబ్బునీటితో కడిగి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ గురించి డాక్టరుని అడగండి. పెద్దలు పదేళ్లకొకసారి అది వేయించుకోవడం మంచిది.

పచ్చి పేడ ఆకుకూరలకి వెయ్యవద్దు. బాగా మాగిన ఎరువే వెయ్యండి. మురుగునీరు పారించవద్దు. కూరలు రెండు మూడు నీళ్లలో కడగండి.

గడ్డిలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన కాలు కదలకుండా వుంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షను వున్న ఆస్పత్రికి చేర్చండి.

గుండెజబ్బు, రక్తపోటు వున్నవాళ్లు ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు దాటాక పని చెయ్యండి. మోకాళ్ల నొప్పులవారు చిన్న పీట వేసుకోండి. మూత్రపిండాల జబ్బు వున్నవాళ్లు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడేవాళ్లు ఆకుకూరలు ఎంత తినాలో తమ డాక్టరుని అడిగి తేల్చుకోవాలి.

సంఘం ఎలా నడపాలి?

ఇది కూడా చికిత్సే కాబట్టి చీటీలా రాసి ఇస్తున్నాను.

యజమానితో నోటిమాట చాలదు. పదకొండు నెలలకైనా కాగితం రాసుకోండి. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు వుంటే సంఘాన్ని రిజిస్టరు చేయవచ్చు. మీరు పన్నెండు కుటుంబాలు.

మడులకి పోగా మిగిలిన రెండువందల చిల్లర గజాలు దారికి, ఎరువు గుంటకి, నీటి తొట్టికి వుంచండి. వాటి బాధ్యత వారానికొక కుటుంబానిది. శుక్రవారం డ్రమ్ములు తోమేది వాళ్లే. తోమినట్టు పుస్తకంలో సంతకం పెట్టాలి.

నీటికి వంతులు రాసి గేటుకి తగిలించండి. నెల చందా, ఖర్చు నెలకొకసారి తోటలోనే అందరి ముందూ చదవండి. లెక్క చదివే చోట అనుమానం పెరగదు.

మడి రెండు నెలలు బీడు పెడితే కాచుకున్నవాళ్లకి ఇవ్వాలి. అయితే ఆ ఇంట్లో జబ్బో పురుడో అయితే మిగిలినవాళ్లు ఆ మడికి నీళ్లు పోయాలి, కూర కోసి ఆ ఇంటికి పంపాలి. ఈ నియమం ముందే రాసుకోండి. కష్టం వచ్చాక రాయబోతే అది దయలా వుంటుంది. ముందే రాసుకుంటే హక్కు అవుతుంది.

మిగిలిన కూర దగ్గరలోని అంగన్‌వాడీకి అడిగి ఇవ్వండి.

ఇక చివరిమాట. ఈ శుక్రవారం మీరు, ఆ మందు కొట్టిన ఆయన కలిసి జ్వరం వచ్చిన ఇద్దరు పిల్లల ఇళ్లకీ వెళ్లండి. వాదనకి కాదు. "మా డ్రమ్ములు మీరూ చూడండి, వీధిలో తొట్లన్నీ కలిసి తోముదాం" అని చెప్పండి. ఆ ముసలావిడ దగ్గరికి వెళ్లి ఆయన క్షమించమని అడగాలి. ఆవిడ కొత్తిమీర మళ్లీ విత్తుకునేటప్పుడు మడి ఆయనే తవ్విపెడితే మరీ మంచిది.

తర్వాత ఏమయిందో నాకు రాయండి. ఈసారి ఉత్తరంలో తోటకూర సంగతులు ఎక్కువగా వుండాలి.