ఆన్‌లైన్ థెరపీలో అమ్మానాన్నలకేం నేర్పుతారు?



ఆటిజం ఉన్న పిల్లలకు ఇంటి నుంచే థెరపీ అంటూ వచ్చే ప్రకటనల్లో నెలకు ఎన్ని సెషన్లు, ఎంత రాయితీ అన్న లెక్కలే ముందుంటాయి. తల్లిదండ్రులు ముందుగా అడగాల్సింది మాత్రం వేరు: ఆ సెషన్లో మాకేం నేర్పుతారు? మూడేళ్ల బిడ్డను ముప్పావుగంట ఫోను ముందు కూర్చోబెడితే అది చికిత్స అయిపోదు. పిల్లలకు మాట, ఆట అబ్బేది అన్నం తినిపించేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, రోజంతా పక్కనుండే మనుషుల వల్ల. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. ఆరు నెలల్లో 12 సెషన్లు. బిడ్డతో ఆడుకుంటున్న వీడియోను తల్లిదండ్రులకే చూపించి, ఎక్కడ ఆగాలో, ఎలా బదులివ్వాలో నేర్పారు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఆ సెషన్లు ముఖాముఖి జరిగినవే. అయినా వీడియో చూసి మాట్లాడుకునే పద్ధతి ఆన్‌లైన్‌కూ సరిపోతుంది.

ఆ అధ్యయనంలో నేర్పింది పెద్ద డిగ్రీలున్నవారు కాదు కదా, మరి ఆన్‌లైన్ థెరపిస్టుల అర్హతలు చూడటమెందుకని ఎవరైనా అనవచ్చు. వారికి శిక్షణ ఉంది, పైన నిపుణుల పర్యవేక్షణ ఉంది. యాప్‌లో కనిపించే ‘కోచ్’కు ఆ రెండూ ఉన్నాయో లేదో అడగాల్సింది మనమే. స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. డాక్టరయితే 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి, మైనరు పక్కన పెద్దవాళ్లుంటేనే ఆన్‌లైన్‌లో చూడాలి.

చిన్న ఊళ్లలో థెరపిస్టే దొరకనప్పుడు ఈ ఎంపికలెక్కడివి అంటారు. దగ్గర్లో ఎవరూ లేనివారికి ఆన్‌లైనే దిక్కు కాబట్టే అది గట్టిదై ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి ఖర్చేమీ లేదు. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు తీరిక ఎక్కడిదన్నదీ న్యాయమైన మాటే. కానీ వారిని అడుగుతున్నది రోజూ మరో గంట కాదు, ఎలాగూ బిడ్డతో గడిపే గంటను మరోలా గడపమని. తాతయ్య, అమ్మమ్మ నేర్చుకున్నా మేలే. డబ్బు కట్టేముందు రెండు మాటలు అడగండి: మీ రిజిస్ట్రేషన్ నంబరెంత? వచ్చే వారంలోగా ఇంట్లో మేం ఏం చేయాలి? ఈ రెంటికీ సూటిగా జవాబు చెప్పేవారికే బిడ్డను అప్పగించండి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం