బొంత మీద మెలికల ముగ్గు

మార్గశిరం వచ్చిందంటే చాలు... మదనపల్లెలో తెల్లవారుజామున కాళ్లు ముడుచుకోవాల్సిందే. ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది మరి! పక్కనున్న హార్సిలీ కొండలైతే 1,200 మీటర్లు దాటతాయి. పుంగనూరు, కుప్పం చలి కూడా తక్కువేం కాదు. ఒకప్పుడు ఈ వైపు ఇళ్లలో దుప్పటి కొనడమంటే దుబారా. పాత నూలుచీరలు మడతలు వేసి, అంచు నుంచి అంచుకి దారం పోనిచ్చి బొంత కుట్టుకునేవాళ్లు. సరిహద్దు దాటితే కన్నడంలో అది కౌది. బెంగాల్‌లో కాంతా. పేరేదైనా పని ఒకటే, ఓపికా ఒకటే!

ఆ ఓపిక ఇప్పుడెక్కడిది? చేత్తో కుడితే ఒక్క బొంతకి వారాలు పడుతుంది. పైగా మెత్తటి బొచ్చు దుప్పట్లు చవగ్గా దొరుకుతున్నాయి. దాంతో బొంతలు అటకెక్కాయి. చీరలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి. అమ్మ కట్టిన చీరలు, అవ్వ కట్టిన చీరలు. కట్టుకోలేరు, పారేయలేరు, ఎవరికైనా ఇద్దామంటే మనసొప్పదు. మూలన కుట్టుమిషను కూడా ఉంది... పైన ఇస్త్రీ బట్టల దొంతరతో!

ఈ రెండింటినీ కలిపేదే ఫ్రీ మోషన్ క్విల్టింగ్. పేరు విని బెదరక్కర్లేదు. జాకెట్ల మీద మిషన్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. మామూలుగా కుట్టేటప్పుడు సూది కింద ఉండే పళ్లు గుడ్డను ముందుకు తోస్తుంటాయి. అందుకే కుట్టు తిన్నగా వస్తుంది. ఆ పళ్లు పనిచేయకుండా చేస్తే గుడ్డ మన చేతిలోకి వచ్చేస్తుంది. ముందుకీ, వెనక్కీ, పక్కకీ, గుండ్రంగా ఎటు తిప్పితే అటే కుట్టు. అంటే ఇక్కడ సూది పెన్ను, గుడ్డ కాగితం. కదిలేది మాత్రం కాగితమే!

కొత్త మిషన్లలో పళ్లు దించడానికి ఓ మీట ఉంటుంది. పాత తొక్కుడు మిషన్లలో చాలావాటికి అది ఉండదు. అలాంటప్పుడు కుట్టు పొడవుని సున్నాకి తెచ్చేయండి. గడువు తీరిన ఏటీఎం కార్డుని పళ్ల మీద పెట్టి, సూది దిగేచోట చిన్న కంత చేసి, టేపుతో అంటిస్తే సరిపోతుంది. తర్వాత మిషన్‌కున్న మామూలు ఫుట్ తీసేసి ఎంబ్రాయిడరీకి వాడే ఫుట్ బిగించాలి. కుట్టుకుట్టుకీ గెంతుతూ గుడ్డని క్షణం పాటు నొక్కి వదిలేస్తుంది. మిషన్లు బాగుచేసే దుకాణాల్లో అడిగితే చెబుతారు. మీ మిషన్ నమూనా చెప్పి తీసుకోవడం మంచిది, ఒకదానిది మరోదానికి పట్టకపోవచ్చు.

అదీ దొరక్కపోతే చెక్క రింగే గతి. దాన్ని మామూలుగా కాదు, తిరగేసి వాడాలి. గుడ్డ మిషన్ బల్లకి ఆనుకుని ఉండాలి, రింగు అంచులు పైకి రావాలి. లోపలి రింగుకి నూలు పట్టీ చుట్టి బిగిస్తే గుడ్డ జారదు. నాలుగు మడతల నూలుచీర రింగులో సులువుగానే ఇముడుతుంది. మధ్యలో దూది పెట్టిన బొంతకి మాత్రం రింగు కష్టం.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఫుట్ లేకుండా కుట్టేటప్పుడు దాన్ని దించే మీటని మర్చిపోతారు. మీట దించకపోతే పైదారానికి బిగువు రాదు. నాలుగు కుట్లు పడేసరికి గుడ్డ కింద దారమంతా పిచ్చుకగూడు! మిషన్ పాడైందనుకుని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లేముందు ఆ మీటని ఓసారి చూడండి.

సరంజామా చాలావరకు ఇంట్లోనే ఉంటుంది. చీరల్ని ఉతికి పలచగా గంజి పెడితే గుడ్డ నిలకడగా ఉంటుంది. మడతలు కదలకుండా బెత్తెడుకో పిన్నీసు. గీతలకి అరిగిపోయిన స్నానం సబ్బుముక్క చాలు, ఉతికితే పోతుంది. గుడ్డ మీద వేళ్లు జారకుండా, బ్యాంకుల్లో నోట్లు లెక్కపెట్టేవాళ్లు తొడుక్కునే రబ్బరు తొడుగులు రెండు మూడు తెచ్చుకుంటే మరీ మంచిది. నాలుగు మడతలకి 16వ నంబరు సూది వాడొచ్చు. సూది విషయంలో పిసినారితనం పనికిరాదు. మొద్దుబారిన సూది దారాన్ని తెంపుతుంది, పాత చీరని చింపుతుంది కూడా. బొంత బరువు కిందికి వేలాడితే చెయ్యి లాగేస్తుంది కాబట్టి, మిషన్‌కి ఎడంపక్క అదే ఎత్తులో ఓ బల్ల వేసుకోండి.

ఇంతకీ ఏ డిజైను కుట్టాలి? అది నేర్పడానికి ఎవరూ రానక్కర్లేదు... వాకిట్లోనే ఉంది! చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు. కుప్పం పక్కనే తమిళనాడులో దాన్ని సిక్కు కోలం అంటారు. వీటిల్లో కొన్ని ముగ్గులు ఎత్తిన చెయ్యి దించకుండా ఒకే గీతతో పూర్తవుతాయి. ఈ కుట్టుకి కావాల్సింది కూడా అదే. దారం తెంపి మళ్లీ మొదలెట్టిన ప్రతిచోటా ముడి వేయాలి, ముడులు పెరిగితే బొంత గుచ్చుకుంటుంది. రోజూ ముగ్గు పెట్టే చేతికి ఎక్కడ తిప్పాలో, ఎక్కడ తిరిగి కలపాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాకపోతే ముగ్గులో చెయ్యి కదులుతుంది, ఇక్కడ గుడ్డ కదలాలి. ఈ తేడానే మొదట్లో ఏడిపిస్తుంది. పలకమీద బలపాన్ని కదలకుండా పట్టుకుని, పలకనే తిప్పుతూ అదే ముగ్గు వేసి చూడండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత మిషన్‌కి దారం ఎక్కించకుండా పాత దినపత్రిక మీద కుట్టండి. కంతలు సమదూరంలో పడితే చెయ్యి కుదిరినట్టే. కాలు ఒకే జోరులో ఆడాలి, చెయ్యి నెమ్మదిగా కదలాలి. మలుపుల దగ్గర అడుగున దారం ఉచ్చుల్లా కనిపిస్తే చెయ్యి తొందరపడిందనో, పైదారం వదులుగా ఉందనో గుర్తు. కాగితం మీద కుట్టిన సూదిని గుడ్డకి వాడొద్దు.

మొదలెట్టేముందు చక్రాన్ని చేత్తో ఓసారి తిప్పి, బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు దారాలూ పట్టుకుని ఉన్నచోటే మూడు నాలుగు కుట్లు వేయండి. మధ్య నుంచి అంచులకి రావాలి. అంచు నుంచి మొదలెడితే ముడతలన్నీ మధ్యలో చేరి కూర్చుంటాయి. వేళ్లు సూదికి కనీసం రెండంగుళాల దూరంలో ఉండాలి.

ఒక్క మాట. అమ్మ చీర మొదటిరోజే తీయకండి. పాత పంచెముక్కల మీద, దిండుగలీబంత కొలతతో రెండు మూడు కుట్టి చూడండి. పాత నూలు మీద కుట్టు విప్పితే సూది కంతలు అలాగే మిగిలిపోతాయి, ఇంకోసారి అలాంటి చీర దొరకదు. చెయ్యి కుదిరాక అయిదున్నర మీటర్ల చీరని పొడవునా నాలుగు మడతలు వేస్తే మీటరుంపావు పైన వస్తుంది. పసిబిడ్డ బొంతకి అది చాలు, చీర కత్తిరించే పనే ఉండదు. చిరుగులున్న భాగం లోపలి మడతల్లోకి, కొంగు పైకి వచ్చేలా చూసుకోండి. పట్టుచీరలు మాత్రం ఇందులో కలపొద్దు. పాత పట్టు మడతల దగ్గర చిట్లుతుంది, నూలుతోపాటు ఉతుకులకి ఆగదు.

కుట్టడం అయ్యాక పిన్నీసులు లెక్కపెట్టి తీయండి. ఎన్ని గుచ్చారో ముందే రాసిపెట్టుకుంటే, పసిబిడ్డ కింద పరిచే బొంతలో ఒక్కటి కూడా మిగిలిపోదు. ఆ తర్వాత ఓసారి నీళ్లలో జాడించి ఎండలో ఆరేస్తే గంజి వదిలి, కుట్ల మధ్య గుడ్డ చిన్నగా ఉబ్బి మెత్తబడుతుంది.