చేతికి తెలిసిన మీటను పీకివేసినది ఎవరి లాభానికి?

సార్టింగు గూళ్ళ ముందు ఏళ్ళ తరబడి నిలబడిన ఆర్.ఎం.ఎస్. సోదరుని చెయ్యి, కళ్ళు చిరునామా మీద ఉండగానే ఉత్తరాన్ని దాని గూటికి చేర్చుతుంది. లోకో పైలట్ దృష్టి సిగ్నలు మీద ఉండగా అతని చెయ్యి బ్రేకు మీటకై తడుముకోదు. అది ఎక్కడ ఉన్నదో, ఎంత కదిలినదో అరచేతికే తెలుసు. పనిచేసే చేతికి ఒక జ్ఞానం ఉన్నది. ఆ జ్ఞానం అండగా ఉన్నందువల్లనే మనిషి కళ్ళు ముందున్న దారిని కనిపెట్టి ఉండగలుగుతున్నాయి.

మోటారు కార్ల యాజమాన్యాలు ఈ సత్యాన్ని బుద్ధిపూర్వకంగా విస్మరించాయి. గాలి, వేడి, రేడియో, కొన్ని కార్లలో అద్దం తుడిచే వైపర్ల వేగం సైతం బొత్తాల నుండి తొలగించి ఒక గాజు తెర వెనుక దాచాయి. నున్నని గాజు మీద వేలికి ఆనవాలు దొరకదు. ప్రతి పనికీ కళ్ళు రోడ్డును విడిచి తెర మీదకు పోక తప్పదు.

ఇది కార్లు కొనగల వారి గొడవ, మనకెందుకని కొందరు సోదరులు అనవచ్చును. మెయిల్ మోటార్ సర్వీసు డ్రైవర్లు మనవారు కారా? అర్ధరాత్రి రన్నింగు సిబ్బందిని చేరవేసే అద్దె వాహనాలలో కూర్చునేది మనం కామా? తెర మీద కళ్ళు పెట్టిన కారు ముందు సంచీ తగిలించుకొని సైకిలు మీద పోయేది మన పోస్టుమానే కదా!

ఇదంతా ఆధునికత అని యాజమాన్యాల వాదం. ఎంతటి ఆధునికత? అమెరికాలో బ్యూక్ రివియేరా కారుకు 1986లోనే టచ్‌స్క్రీన్ అమర్చారు. 1990 మోడల్‌కు వచ్చేసరికి దానిని తొలగించి మళ్ళీ బొత్తాలు పెట్టారు. తిరస్కృతమైన ఆ సరుకే నేడు కొత్త మెరుగుతో తిరిగి వచ్చినది. అసలు కారణం వేరు. ప్రతి బొత్తానికీ ఒక అచ్చు, ఒక తీగ, బిగించే ఒక కార్మికుని చెయ్యి కావలె. ఒక్క తెర పెడితే ఆ ఖర్చు మిగులుతుంది. మిగిలిన దానికి విలాసమని పేరు పెట్టి కొనుగోలుదారు నుండి అదనంగా వసూలు చేయవచ్చును. పొదుపు యాజమాన్యానిది, ప్రమాదం డ్రైవరుది!

స్వీడన్‌లోని 'వి బీలాగారె' పత్రిక 2022లో జరిపిన పరీక్షను చూడండి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ నాలుగు మామూలు పనులు చేయమన్నారు. బొత్తాలున్న 2005 నాటి వోల్వో కారులో అందుకు 10 సెకన్లు పట్టినది. కారు 306 మీటర్లు పోయినది. పరీక్షించిన కొత్త కార్లలో అన్నిటికంటె వెనుకబడిన దానిలో 44.9 సెకన్లు పట్టినది. కారు 1,372 మీటర్లు పోయినది. రెండు నిండు గూడ్సు బండ్లను ఒకదాని వెనుక ఒకటి నిలిపినంత దూరం!

మరి ప్రమాదం జరిగితే శిక్ష ఎవరికి? జర్మనీలో ఒక డ్రైవరు వర్షంలో వైపర్ల వేగాన్ని టెస్లా కారు తెర మీద సవరించబోయి, రోడ్డు తప్పి చెట్లను ఢీకొన్నాడు. 2020లో కార్ల్స్‌రూ ఉన్నత న్యాయస్థానం అతనికి 200 యూరోల జరిమానాను, ఒక నెల డ్రైవింగు నిషేధాన్ని ఖాయం చేసినది. ఆ మీటను తెరలో దాచినవారు ఆ కేసులో ముద్దాయిలు కారు. విచారణ అనగానే ముందుగా కింది ఉద్యోగి మెడ వెదికే పద్ధతి మనకు కొత్త కాదు.

సముద్రం మీదా ఇదే పాఠం. 2017 ఆగస్టు 21న సింగపూర్ సమీపంలో అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకైన్ ఒక ట్యాంకరును ఢీకొనగా పదిమంది నావికులు మరణించారు. శిక్షణ చాలకపోవడం ప్రధాన లోపం. అయితే నౌక వేగాన్ని, చుక్కానిని తెర మీద నడిపే ఏర్పాటు ఆ గందరగోళాన్ని పెంచినది. 2019లో ఆ నౌకాదళమే తన డిస్ట్రాయరు నౌకలకు మళ్ళీ చేతిమీటలు బిగించుటకు నిర్ణయించినది.

యంత్రాలకు అడ్డుపడడం యూనియన్లకు అలవాటేనని ఎత్తిపొడిచేవారికి మా జవాబు ఒక్కటే. దారి పటాన్ని, వెనుక దృశ్యాన్ని చూపే తెరను మేము ఆహ్వానిస్తున్నాము. చూచుటకు తెర, చేయుటకు మీట: ఇదే మా వాదం. ఫోక్స్‌వాగన్ సంస్థ తానే తప్పు ఒప్పుకొని ముఖ్యమైన బొత్తాలను తిరిగి తెస్తున్నది. యూరో ఎన్‌క్యాప్ భద్రతా సంస్థ 2026 నుండి ఇండికేటరు, ప్రమాద దీపాలు, హారన్, వైపర్లు, అత్యవసర పిలుపు ఈ ఐదింటికీ నిజమైన మీటలు లేని కార్లకు మార్కులు తగ్గిస్తున్నది. వారు కూడా యంత్ర విరోధులేనా?

కావున మా కోర్కెలు ఇవి: ఈ ఐదు మీటల నియమాన్ని మన దేశపు భద్రతా ప్రమాణాలలో కూడా స్పష్టంగా చేర్చవలెను. ప్రభుత్వ శాఖలు కొనే, అద్దెకు తీసుకొనే వాహనాలకు దీనిని షరతు చేయవలెను. కొనుగోలుకు ముందు ఆ వాహనాన్ని నడిపే డ్రైవర్ల అభిప్రాయాన్ని వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను.

ప్రతి శాఖా ఈ మేరకు తీర్మానం చేసి పై అధికారులకు పంపవలసినదిగా కోరుతున్నాము. పనిముట్టును ఎంచేవేళ దానిని పట్టే చేతిని అడగకపోతే, దుర్ఘటన తరువాత ఆ చేతికి సంకెల వేసే హక్కు ఎవరికీ లేదు.